శనివారం మ్యాచ్‌కి శుక్రవారం రాసే రాత

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది, చదివాను. శనివారం తన సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ ఆడబోయే లీగ్ మ్యాచ్ గురించి శ్రీకాకుళంలో కూర్చుని తెలుగులో రాయాలని నీకు తోచింది చూడు, అది నాకు బాగా నచ్చింది. ‘ఊసవానిపేట నుంచి సిడ్నీ దాకా వెళ్లి పతకం తెచ్చిన మల్లీశ్వరి పెరిగిన జిల్లా మనది, ఆ ఇంగ్లండ్ క్లబ్బు గొడవ మనకెందుకు’ అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. అడగనీ. బరువులెత్తేవాళ్ల గురించి రాయాల్సింది బోలెడుంది, నిజమే. ఆ ఆట మీద ప్రేమున్నవాళ్లు అది రాస్తారు. నువ్వు నిద్ర మానుకుని చూసేది ఫుట్‌బాల్, కాబట్టి అదే రాయి.

ఇక అసలు సంగతికొస్తాను. సొంత మైదానంలో ఎన్ని మ్యాచ్‌లుగా ఓడలేదో ఆ లెక్కతో మొదలుపెట్టావు. తర్వాత ఈ రెండు జట్లూ ఇదివరకు తలపడ్డ మ్యాచ్‌ల చిట్టా. తర్వాత పదకొండు మంది పేర్లు. చివర్న ‘3-0 ఖాయం’. వెతికితే తప్పు లెక్క ఒక్కటీ దొరకలేదు. కానీ చదవడం అయ్యాక శనివారం రాత్రి ఆ మ్యాచ్ పెట్టుకోవాలని నాకు అనిపించలేదు. ఫలితం నువ్వే చెప్పేశావు కదా, ఇంక చూడ్డానికి ఏముంది?

మ్యాచ్‌కి ముందు రాసే వ్యాసానికి జోస్యంతో పని లేదమ్మా. పాఠకుడి చేతిలో ఒక ప్రశ్న పెట్టి పంపాలి, ఆ తొంభై నిమిషాల్లో జవాబు దొరికే ప్రశ్న. ఎవరు గెలుస్తారన్నది అందరికీ ఎలాగూ ఉండేదే, దానికి నువ్వక్కర్లేదు. పదిమందీ వెనక్కి వచ్చి గోలు ముందు గుమిగూడే జట్టుని మనవాళ్లు ఈసారి ఎటునుంచి విడదీస్తారు? ఇలాంటిది కావాలి. అది తలలో పెట్టుకుని చూసేవాడికి గోలు పడకపోయినా ఆట కనిపిస్తుంది.

నీ క్లబ్బు కథే చెప్తాను. 2021 జనవరి 21, గురువారం. ఆన్‌ఫీల్డ్‌కి బర్న్‌లీ వస్తోంది. 2017 ఏప్రిల్‌లో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో ఓడాక అప్పటిదాకా లివర్‌పూల్‌కి సొంత మైదానంలో లీగ్ ఓటమి లేదు. వరసగా 68 మ్యాచ్‌లు. ఇంగ్లండ్ టాప్ డివిజన్‌లో అంతకన్నా పొడవైన వరస ఒక్క చెల్సీదే, 86. పైగా ముందటి సీజన్‌లో 99 పాయింట్లతో టైటిల్ కొట్టిన జట్టు. ఆ రోజు నీ పద్ధతిలో రాస్తే వ్యాసం 68తో మొదలై 3-0తో ముగిసేది.

అదే రోజు, అందరికీ అందుబాటులో ఉన్న అవే లెక్కల్లో, ఇంకో వ్యాసం కూడా ఉంది. ముందటి సీజన్‌లో లివర్‌పూల్ సొంత మైదానంలో 19 లీగ్ మ్యాచ్‌లు ఆడి 18 గెలిచింది. మిగిలిన ఒక్కటీ 1-1 డ్రా. అలా పాయింటు పట్టుకుపోయింది ఎవరనుకున్నావు? ఈ బర్న్‌లీయే. ఇది మొదటిది. రెండోది, ఈ మ్యాచ్‌కి ముందు వరసగా మూడు లీగ్ మ్యాచ్‌ల్లో లివర్‌పూల్ ఒక్క గోలు కూడా కొట్టలేదు. ఇక ఆ 68లో చాలావాటిలో డిఫెన్స్ మధ్యలో నిలబడ్డ వాన్ డైక్ అక్టోబరులోనే మోకాలు దెబ్బతిని ఆటకి దూరమయ్యాడు, నవంబరులో జో గోమెజ్ కూడా. వాళ్ల చోటు నింపడానికి మిడ్‌ఫీల్డ్‌లో ఆడాల్సిన ఫాబిన్యో, హెండర్సన్ వెనక్కి జరగాల్సొచ్చింది. వెనకాల కన్నం పూడ్చబోయి మధ్యలో కన్నం పెట్టుకున్నట్టు. ఇవన్నీ చాలవన్నట్టు కోవిడ్ వల్ల స్టాండ్లు ఖాళీ.

ఆ రాత్రి 83వ నిమిషంలో పెనాల్టీ. యాష్లీ బార్న్స్ కొట్టాడు, 1-0. తర్వాత అదే మైదానంలో బ్రైటన్, మాంచెస్టర్ సిటీ, ఎవర్టన్, చెల్సీ, ఫుల్హామ్ ఒకదాని వెంట ఒకటి వచ్చి గెలిచి వెళ్లాయి. సొంత మైదానంలో వరసగా ఆరు లీగ్ ఓటములు ఆ క్లబ్బు చరిత్రలోనే మొదటిసారి.

బర్న్‌లీ గెలుస్తుందని ముందే చెప్పి ఉండాల్సిందని నేను అనడం లేదు. అలా చెప్పినవాడు అదృష్టవంతుడు, అంతే. కానీ ‘గోల్స్ కరువైపోయిన జట్టు, తన మిడ్‌ఫీల్డర్లని తనే వెనక్కి పంపుకున్న జట్టు, మొన్న తనని ఆపేసిన ప్రత్యర్థిని ఎలా దాటుతుంది?’ అని అడిగి ఊరుకున్న వ్యాసం ఉంటే, దాన్ని మ్యాచ్ అయిపోయాక కూడా చదవొచ్చు. నువ్వు రాసిన లెక్క దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆ వరసలోని మ్యాచ్‌లు ఆడినవాళ్లలో శనివారం ఎంతమంది బరిలో ఉంటారు? కోచ్ అతనేనా? ఎదుటి జట్టులో అప్పటివాళ్లు ఎందరు మిగిలారు? ఈ మూడూ చూశాక కూడా ఆ అంకె నిలబడితే ఉంచు. నిలబడకపోతే ఆ చిట్టా మొత్తం తీసెయ్, ఒక పేరా మిగులుతుంది.

‘ఛేదించలేని కోట’ అన్న మాట కూడా తీసెయ్. నేను విజయనగరంలో కోట దగ్గర బతికేవాణ్ణి. మా కోట లోపల కాలేజీలు నడుస్తున్నాయి, పిల్లలు పుస్తకాలు పట్టుకుని రోజూ లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. కోట అనగానే నాకు గుర్తొచ్చేది అదీ.

జనం గురించి రాసింది బాగుంది కానీ సగంలో ఆగిపోయావు. అరవై వేలమంది అరుస్తారని చెప్పావు. అరిస్తే ఏమవుతుంది? స్టేడియాలు ఖాళీగా ఉన్న ఆ 2020-21 సీజన్ ప్రీమియర్ లీగ్‌లో, సొంత మైదానంలో ఆడినవాళ్ల కన్నా బయట నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచారు. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు. రకరకాల దేశాల లీగుల మీద చేసిన పరిశీలనల్లో ఇంకోటి తేలింది: జనం లేనప్పుడు, వచ్చిన జట్టుకి హెచ్చరికగా పడే పసుపు కార్డులు తగ్గాయి. అంటే ఆ అరుపులు సొంత ఆటగాడి కాళ్లకన్నా ముందు రెఫరీ చెవికి చేరుతున్నాయన్నమాట. ఇప్పుడు పాఠకుడికి చూడ్డానికి ఒకటి ఇచ్చావు. మొదటి పావుగంటలో ఎవరైనా గట్టిగా కాలు అడ్డం పెడితే, స్టాండ్లు లేచి అరిస్తే, రెఫరీ చెయ్యి జేబులోకి వెళ్తుందా లేదా? ఇంకోటి కూడా ఉంది, ఇది నాకు ఇష్టమైనది. రెండో సగంలో వీరాభిమానులు ఉండే కాప్ స్టాండు వైపు దాడి చెయ్యడం లివర్‌పూల్‌కి అలవాటు. అది తెలిసిన ఎదుటి కెప్టెన్ ఒక్కోసారి టాస్ గెలిచి కావాలనే వైపులు మార్పిస్తాడు. ఆట మొదలయ్యే ముందే స్టేడియంలో గొణుగుడు వినిపిస్తుంది. టీ పెట్టుకోవడానికి లేచి వెళ్లినవాడు దీన్ని పోగొట్టుకుంటాడు. నీ వ్యాసం చదివినవాడు వెళ్లడు.

వచ్చే జట్టు గురించి ఎన్ని వాక్యాలు రాశావో లెక్కపెట్టుకో. ఒకటి. అందులోనూ ‘బలహీనమైన’ అని. అమ్మా, పెళ్లివారింట్లో ఒక్క వైపు చుట్టాల్నే పలకరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పట్టిక అడుగున ఉన్న మూడు జట్లూ కింది డివిజన్‌కి పడిపోయే లీగ్ అది. అంత దగ్గరలో వేలాడేవాడికి ఆన్‌ఫీల్డ్‌లో ఒక్క పాయింటంటే పండగే. గెలుపుకి మూడు, డ్రాకి ఒకటి కాబట్టి, నీ జట్టుకి డ్రా అంటే రెండు పోయినట్టు, అతనికి ఒకటి వచ్చినట్టు. ఒకే ఫలితం, రెండు డ్రెస్సింగ్ రూముల్లో రెండు రకాల మొహాలు. అందుకే ఆ కోచ్ అయిదుగురిని వెనక పెడతాడు, గోల్‌కీపర్ బంతి తన్నడానికి తాపీగా టైం తీసుకుంటాడు, కార్నర్ దొరికితే పొడుగాటి వాళ్లందరినీ ముందుకి పంపుతాడు. అతని వారం ఎలా గడిచిందో, ఏం అనుకుని బస్సెక్కాడో రాస్తే నీ మ్యాచ్‌కి రెండో కాలు వస్తుంది.

నువ్వు లివర్‌పూల్ అభిమానివని దాచక్కర్లేదు. ‘మనవాళ్లు’ అను, పర్లేదు, నేనూ పైన అన్నాను. అభిమానం దాచుకుని తటస్థంగా ఉన్నట్టు నటించే రాతలు ఇట్టే పట్టుబడతాయి. ‘మనవాళ్లు’ అన్నాక వాళ్ల తప్పు చెప్పడానికి మాత్రం వెనకాడకు.

జట్టు వార్తలు: ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు ఆడరు అన్నది క్లబ్బు చెప్పిందా, కోచ్ ప్రెస్‌మీట్‌లో చెప్పాడా, లేక ఎవరో ఎక్కడో అన్నారా? మొదటి రెండూ రాయి, మూడోది వదిలెయ్. పదకొండు మంది పేర్లు ఖాయంగా రాయకు. అసలు జాబితా మ్యాచ్‌కి గంటకు పైగా ముందు క్లబ్బే విడుదల చేస్తుంది, దానితో నువ్వు పోటీ పడలేవు. దానికన్నా పసుపు కార్డుల లెక్క చూడు. మొదటి 19 లీగ్ మ్యాచ్‌ల్లో అయిదు కార్డులు పడితే ఒక మ్యాచ్ కూర్చోవాలి. నాలుగు కార్డులున్నవాడు శనివారం ఎలా టాకిల్ చేస్తాడన్నది పేర్ల జాబితా కన్నా రుచిగా ఉంటుంది. బుధవారం రాత్రి యూరప్‌లో ఆడొచ్చారా, సెలవు దొరికిందా అన్నది కూడా అంతే.

టైం సరిచెయ్యి. ఏడున్నర అని వేశావు. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పేశారు కదా, అక్కడ మధ్యాహ్నం మూడంటే ఇప్పుడు మనకి ఎనిమిదిన్నర. ఆ మూడు గంటల మ్యాచ్ గురించి నీ పాఠకుడికి తెలియని సంగతొకటి ఉంది, నువ్వెందుకు రాయలేదో మరి. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లైవ్ ప్రసారానికి వీల్లేదు. జనం ఇళ్లలో కూర్చుంటే చిన్న క్లబ్బుల మైదానాలు ఖాళీ అవుతాయని ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. స్టేడియం పక్క వీధిలో ఉన్నవాడు టికెట్ దొరక్కపోతే రేడియో వినాలి. ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు మాత్రం ఫోన్‌లో లైవ్ చూడొచ్చు! ఇలాంటిది నీ వ్యాసంలో ఉంటే, ఇది ఇంగ్లిష్ పత్రిక చూసి రాసింది కాదని చదివేవాడికి తెలుస్తుంది. అసలు శ్రీకాకుళం నుంచి రాస్తున్నావన్న సంగతి ఎక్కడా తగల్లేదు నాకు. ఆన్‌ఫీల్డ్ గడ్డి మీద నిలబడి చూసినట్టు రాశావు. నువ్వు చూసేది తెర మీద. అది చిన్నతనమేం కాదు, ఈ లీగ్‌ని ప్రపంచంలో ఎక్కువమంది చూసేది అలాగే.

తెరతో ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కెమెరా బంతి వెంట పరిగెడుతుంది. బంతి లేనివాళ్లు ఏం చేస్తున్నారో నీకు చూపించదు, ఫుట్‌బాల్‌లో సగం ఆట వాళ్లదే. అందుకని పొద్దున్నే లేచి మీ ఊళ్లో ఎక్కడ కుర్రాళ్లు బంతి ఆడుతుంటే అక్కడికి వెళ్లు. గోలు వెనక నిలబడు. బంతి చూడకు. ఎడమవైపు వింగ్‌లో ఉన్నవాణ్ణి ఒక్కణ్ణే పట్టుకుని చూడు, బంతి కుడివైపున్నప్పుడు వాడు ఎక్కడికి జరుగుతున్నాడో. వెనక నలుగురూ కలిసి ముందుకొస్తున్నారా, ఒకడు వెనకబడి ఆఫ్‌సైడ్ లైను చెడగొడుతున్నాడా? అది కంటికి అలవాటైతే తెర మీద కనిపించని చోటు కూడా ఊహించగలుగుతావు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మీ పెదనాన్నకి అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో రాయడం కూడా అప్పుడే వస్తుంది. నువ్వు రాసిన పేరా నాకే అర్థం కాలేదు.

తిరగరాసి శుక్రవారం సాయంత్రం, ప్రెస్‌మీట్ సంగతులు చూసుకున్నాకే పంపు. ‘శుక్రవారం సాయంత్రానికి అందిన సమాచారం’ అని ఒక ముక్క పైన పెట్టు, రాత్రికి ఎవరి కాలు బెణికినా నిన్నెవరూ అనరు. ఆరువందల మాటలు దాటొద్దు. చిట్టా తీసేస్తే చోటు అదే వస్తుంది. ఆదివారం పొద్దున్న నీ వ్యాసం, మ్యాచ్ రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని చదివి, నువ్వడిగిన ప్రశ్నకి ఆటలో జవాబు దొరికిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు. స్కోరు నేను చూసుకుంటాలే.

ఉంటాను.

మాస్టారు
విజయనగరం