రెండు రాష్ట్రాల జీతం, ఒకే డబ్ల్యూ-2: సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త

ప్రశ్న: సార్, నిరుడు జూన్ దాకా జెర్సీ సిటీలో ఉంటూ రోజూ న్యూయార్క్ ఆఫీసుకు వెళ్లేవాడిని. జులైలో డాలస్ క్లయింట్ ప్రాజెక్టు మీద అక్కడికే మకాం మార్చాను. కంపెనీ అదే. టర్బోట్యాక్స్ అనే పన్ను ఫైలింగ్ సాఫ్ట్‌వేర్‌లో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే పత్రం) ఎక్కిస్తే న్యూయార్క్ వరుసలో ఏడాది జీతమంతా ఉంది, కింద న్యూజెర్సీది వేరే. కంపెనీ తప్పు చేసిందా? టెక్సస్‌కీ ఫైల్ చేయాలా?

జవాబు: టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర పన్నే లేదు, దాన్ని వదిలేయండి.

డబ్ల్యూ-2 కూడా సరిగ్గానే ఉంది. ఏడాదిలో కొన్నాళ్లే న్యూయార్క్‌లో పనిచేసినా బాక్స్ 16లో, అంటే రాష్ట్ర జీతం రాసే గడిలో, మొత్తం జీతం చూపాలన్నది ఆ రాష్ట్రం పెట్టిన రూలు. అందుకే టెన్షన్ పడి ఆ అంకెలు దిద్దకండి. చిక్కల్లా సాఫ్ట్‌వేర్‌తోనే. మీరు చెప్పకపోతే జీతమంతా న్యూయార్క్‌లోనే సంపాదించారనుకుని డాలస్ నెలలకూ అక్కడి పన్ను వేసేస్తుంది, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయేవాళ్లకి రిఫండ్ తగ్గిపోయేది ఇక్కడే.

ముందు మీ వివరాల పేజీలో న్యూజెర్సీ నుంచి ఏ తేదీన మారారో ఇవ్వండి, వేరే రాష్ట్రంలో ఆదాయం ఉందా అంటే న్యూయార్క్ ఎంచుకోండి. తర్వాత వరుస ముఖ్యం: న్యూయార్క్ నాన్‌రెసిడెంట్ రిటర్న్ (అక్కడ నివాసం లేనివాళ్లు వేసేది), అంటే ఐటీ-203 ఫారం, ముందు పూర్తిచేయాలి. అందులో జీతం ఎంత వంతు అక్కడిదని అడిగినప్పుడు మార్చండి. న్యూయార్క్‌లో పనిచేసిన చివరి పే స్టబ్ తీసి అందులో వైటీడీ (ఏడాది మొదలు నుంచి అప్పటిదాకా) అని ఉన్న ట్యాక్సబుల్ జీతం చూడండి, మీకు కావాల్సిన అంకె దాదాపు అదే. అది అయ్యాకే న్యూజెర్సీ పార్ట్-ఇయర్ రిటర్న్‌కి (ఏడాదిలో కొన్నాళ్లే ఉన్నవాళ్లది) వెళ్లండి, అప్పుడే న్యూయార్క్‌కి కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ (న్యూజెర్సీ పన్నులో తగ్గింపు) లెక్క సరిగ్గా వస్తుంది. తలకిందులుగా చేస్తే ఒకే జీతానికి రెండు చోట్లా కట్టేస్తారు! క్రెడిట్‌కి రుజువుగా న్యూయార్క్ రిటర్న్ కాపీ దాచుకోండి.

రెండు స్టేట్ రిటర్నులకి విడివిడిగా ఫీజు పడుతుంది. అది ఎక్కువనిపిస్తే ఫ్రీట్యాక్స్‌యూఎస్ఏ చూడండి, ఫెడరల్ ఉచితం, స్టేట్‌కి తీసుకునేది తక్కువే. అమెరికా వచ్చిన మొదటి ఏడాదిలో ఉండి 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ల ఫెడరల్ రిటర్న్) వేయాల్సినవాళ్లకి మాత్రం ఈ రెండూ పనికిరావు, స్ప్రింట్యాక్స్ లాంటివి చూసుకోవాలి.

ఇంకొకటి. మీరు డాలస్ క్లయింట్ పని చేస్తున్నారు కాబట్టి సరిపోయింది. అలా కాకుండా న్యూయార్క్ ఆఫీసు పనినే మీ వీలు కోసం డాలస్ ఇంట్లో కూర్చుని చేస్తుంటే, ఆ రోజుల్నీ న్యూయార్క్ తన ఖాతాలోనే వేసుకుంటుంది. అలాంటి కేసులో సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోకుండా సీపీఏకి (లైసెన్సు ఉన్న అకౌంటెంట్‌కి) చూపించండి.