పాప సూడాన్ పోతానంటోంది, తోట మీద లోన్ తీయాలా?

పోయిన వారం చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ళ పాప తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ ముగించి పది నెలలుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తోంది. యుద్ధాలు, కరువులు వచ్చిన దేశాల్లో వైద్యం చేసే సంస్థల్లో చేరతానని పట్టు పట్టింది, సూడాన్ పేరు కూడా ఎత్తింది. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక కన్సల్టెన్సీవాళ్ళేమో లండన్‌లో హ్యుమానిటేరియన్ స్టడీస్ (ఆపదల్లో సాయం గురించిన చదువు) మాస్టర్స్ చేస్తే ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం ఖాయం అన్నారట, ఖర్చు ముప్పై లక్షల పైమాటే. తోతాపురి మామిడి తోట మీద లోన్ తీద్దామా, లేక ఇక్కడే పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేయిద్దామా, రెండూ పోల్చి చెప్పండి సార్ అని ప్రశ్న. చివర్లో ఒక లైను: "ఆడపిల్ల సార్, అర్థం చేసుకోండి."

అన్నా, పోల్చి చెప్తాను గానీ మీ అసలు ప్రశ్న ఆ చివరి లైనులోనే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే కుర్చీలో కూర్చుని వింటున్నా. కోర్సు గురించి అడుగుతారు, భయం ఇంకెక్కడో ఉంటుంది.

మీ ఉత్తరంలో మధ్యలో ఒక మాట రాసి దాటేశారు. పాప అనంతపురం వైపు ఒక ఛారిటీ ఆస్పత్రిలో చేరతానంటే, హాస్టల్లో ఉండాల, నైట్ డ్యూటీలుంటాయి, వద్దన్నామని. మరి లండన్‌కి సరే అంటున్నారే? అక్కడ ఎవరింట్లో ఉంటుంది, ఎన్ని గంటలకి ఇంటికొస్తుంది అని ఎవరూ అడగరు కాబట్టా? పెళ్ళిలో పక్కన కూర్చున్నాయన "పాప ఏం చేస్తోంది" అంటే "లండన్‌లో ఎమ్మే" అని చెప్పుకోవచ్చు, "అనంతపురంలో నర్సు" అని చెప్పుకోలేరు, అంతే కదా. కోపం తెచ్చుకోవద్దు. నర్సు అనే మాటకి మీరు సిగ్గుపడుతున్నారు, ఆ పని మీద మీ పాపకి మాత్రం గర్వం ఉంది, తగువంతా ఇక్కడే.

ఇంకొకటి. విన్సెంట్ ఫెర్రర్ అని స్పెయిన్ మనిషి, 1969లో మన అనంతపురం వచ్చి సంస్థ పెట్టాడు. స్పెయిన్‌లో మామూలు ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు నెలనెలా పంపే డబ్బుతో ఇక్కడ బళ్ళు, ఆస్పత్రులు, ఇళ్ళు లేచాయి. వాళ్ళకి మన అనంతపురమే కరువు పట్టిన దూరదేశం. ఇప్పుడు మన పిల్ల ఇంకో దేశానికి పోతానంటే వింతగా చూస్తున్నాం.

ఇక లండన్ డిగ్రీ. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. చదువు చెడ్డదని కాదు. శరణార్థుల చట్టాలు, సాయం వెనక రాజకీయాలు అన్నీ బాగా చెప్తారు. కానీ ఆ కోర్సులో చేరేవాళ్ళలో చాలామందికి నర్సింగ్ లాంటి చేతి పనితనం లేదు, ఉన్నది ఆసక్తి మాత్రమే. బయటికొచ్చాక వాళ్ళు వెతుక్కునేది ఆఫీసు ఉద్యోగాలు: రిపోర్టులు, ప్రాజెక్టు ప్రపోజల్స్, సమన్వయం. ఇప్పుడు కోత పడింది సరిగ్గా అక్కడే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసింది, జులై 1కల్లా వాళ్ళ యూఎస్‌ఎయిడ్ సంస్థే మూతపడింది. మీరు పాపని పంపుదామనుకునే బ్రిటన్ కూడా జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న సాయాన్ని 2027కల్లా 0.3కి దించుతానని చెప్పేసింది. ప్రపంచ ఆహార కార్యక్రమం, శరణార్థుల సంస్థ లాంటి పెద్దవే మనుషుల్ని తగ్గించుకున్నాయి. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని అవే ఖాళీలకి అప్లై చేస్తుంటే, ముప్పై లక్షల అప్పుతో కొత్త సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన పిల్లకి ఆ వరసలో చోటెక్కడ? 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వం కిలోకి 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది కదా, ఆ తోట మీదేనా ఈ లోన్ అంటున్నారు?

"ఖాయం" అన్న మాట విన్నప్పుడే మీరు లేచి వచ్చేయాల్సింది. ఐక్యరాజ్యసమితి ఉద్యోగం ఏ చదువుకీ ఖాయం కాదు. అప్లికేషన్, ఇంటర్వ్యూ, ట్రైనింగ్, ఎక్కడా అది రూపాయి తీసుకోదు కూడా. డబ్బు అడిగారంటే మోసం.

మీ పాప చేతిలో పనితనం ఉంది. అదే ఆమె బలం, అది మీకే తెలీడం లేదు. 1971లో పారిస్‌లో మొదలై 1999లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చుకున్న డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ లాంటి సంస్థకి కావాల్సింది నర్సులు, డాక్టర్లు, మంత్రసానులు, నీళ్ళూ మరుగుదొడ్లూ చూసేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు, జనరేటర్ ఆగితే బాగుచేసేవాళ్ళు. అలాంటిచోట నర్సుకి చదువయ్యాక కనీసం రెండేళ్ళ అనుభవం అడుగుతారు. మీ పాపకి పది నెలలే అయింది, అంటే తొందరేమీ లేదు.

అక్కడ పని ఎలా ఉంటుందో కూడా చెప్తా, మీరు టీవీలో బాంబులే చూసుంటారు. శిబిరంలో పిల్లాడి మోచేతి పైన ఒక రంగుల టేపు చుడతారు. కొలత 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఎర్రరంగులో పడుతుంది, తీవ్రమైన పోషకాహార లోపం అన్నమాట. ఆ బిడ్డకి ఇచ్చే ప్యాకెట్ ఏంటో తెలుసా? శెనక్కాయల ముద్ద! పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి 92 గ్రాముల ప్యాకెట్టు, 500 కేలరీలు, నీళ్ళు కలపక్కర్లేదు, పొయ్యి అక్కర్లేదు. తల్లి చించి బిడ్డ నోట్లో పెడుతుంది. మనూళ్ళో మెట్టచేలల్లో పండే శెనక్కాయే. నీళ్ళ లెక్క కూడా ఉంటుంది, మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, ఒక కొళాయికి 250 మందికి మించకూడదు. నర్సు ఇవన్నీ చూసుకోవాల, రిజిస్టర్ రాయాల, ఆ ఊరి నర్సులకి నేర్పించాల. హీరోయిజం తక్కువ, లెక్క ఎక్కువ. తిరుమల అన్నప్రసాదం దగ్గర ఎప్పుడైనా సేవ చేశారా? వడ్డించేది చివరి పది నిమిషాలు, దాని వెనక బియ్యం, కూరగాయలు, క్యూ, నీళ్ళు, శుభ్రం ఎంతుంది! ఇదీ అంతే.

2021 నవంబర్ వరదల్లో రాయలచెరువు తెగుతుందేమోనని పల్లెలు ఖాళీ చేయించారు గుర్తుందా? నేను ఒక శిబిరంలో రెండు రాత్రులున్నా. సాయంత్రానికి మూడు బృందాలు పులిహోర పొట్లాలు తెచ్చాయి, ముగ్గురూ పులిహోరే, ముగ్గురూ ఫొటోలు తీసుకున్నారు. చంటిబిడ్డల పాలు ఎవరికీ గుర్తులేదు. ఒక ఏఎన్ఎం అమ్మాయి పెళ్ళి పత్రిక వెనక పెన్నుతో రాసుకుంటూ తిరిగింది: ఎవరికి బీపీ మాత్రలు అయిపోయాయి, ఎవరికి తొమ్మిదో నెల, ఎవరి బిడ్డకి విరేచనాలు. ఆ రాత్రి ఆ పత్రికే మాకు ఆధారమైంది. ఈ రంగం అంటే అదే. నేర్చుకోవడానికి లండన్ అక్కర్లేదు.

ప్రమాదం లేదని మాత్రం చెప్పను. 2024లో ప్రపంచవ్యాప్తంగా 380 మందికి పైగా సహాయ కార్యకర్తలు చనిపోయారు. అందులో ఎక్కువమంది బయటి నుంచి వెళ్ళినవాళ్ళు కాదు, ఆ దేశపు మనుషులే, ఇళ్ళూ కుటుంబాలూ అక్కడే ఉన్నవాళ్ళు. బయటివాళ్ళకి కట్టుదిట్టాలుంటాయి: సాయంత్రం తర్వాత బయటికి పోకూడదు, ఎక్కడికి పోవాలన్నా ముందే చెప్పి పోవాల, పరిస్థితి పాడైతే వెనక్కి పిలిపిస్తారు. మొదటి పోస్టింగ్ ఎక్కడంటారో అక్కడికి పోనని చెప్పే హక్కు కూడా ఉంటుంది. ఒక పోస్టింగ్ ఆరు నెలల నుంచి ఏడాది, ఆ తర్వాత ఇంటికే. సూడాన్ అంటే సూడాన్‌లోనే స్థిరపడిపోవడం కాదన్నా. పెళ్ళి గురించి మీరు అడగలేదు గానీ అడిగినట్టే లెక్క: ఈ పని చేసి వచ్చి పెళ్ళి చేసుకుని వేలూరులో, బెంగళూరులో పెద్ద ఆస్పత్రుల్లో స్థిరపడినవాళ్ళు ఉన్నారు. నర్సు పని ఏ దేశంలోనూ వృథా పోదు.

పోలిక అడిగారు కదా, రెండు ముక్కల్లో. లండన్ వద్దు, కనీసం ఇప్పుడు వద్దు, అప్పుతో అసలే వద్దు. పబ్లిక్ హెల్త్ పీజీ మంచిదే, కానీ మూడేళ్ళు పని చేశాక, ఏది చదవాలో తనకే తెలిశాక. అంతదాకా పెద్ద ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డో, పిల్లల వార్డో, ప్రసూతి వార్డో పట్టుకోవాల. తిరుపతి రుయా ఆస్పత్రి అయినా సరే, అనంతపురం అయినా సరే. సాయంత్రాల్లో ఫ్రెంచ్ మొదలెట్టమనండి. ఆఫ్రికాలో చాలా పోస్టింగులకి అదే కావాల, మనవాళ్ళలో అది వచ్చినవాళ్ళు తక్కువ.

ఆ అనంతపురం ఆస్పత్రివాళ్ళు మళ్ళీ పిలిస్తే ఈసారి మీరే తీసుకెళ్ళి హాస్టల్ చూసి రండి. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇంకా కట్టలేదు కదా? కట్టొద్దు. పాపని నాతో ఒకసారి మాట్లాడించండి, మీరు పక్కన లేకుండా.