మెస్సీ లాంటి స్టార్లు డిఫెన్స్‌కు ఎందుకు పరుగెత్తరు?

చాలాసార్లు అది కోచ్ తెలిసే ఇచ్చిన మినహాయింపు. బంతి పోయినా స్టార్ ముందే ఉంటే, అది తిరిగి దక్కగానే అలసట లేకుండా దాడికి దిగొచ్చు. అతన్ని కాయడానికి ప్రత్యర్థి డిఫెండర్లూ వెనకే ఆగాలి. కానీ అతను మానేసిన పరుగు ఇంకొకరు తీయాల్సిందే. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా కోచ్ స్కలోనీ 35 ఏళ్ల మెస్సీకి ఆ వెసులుబాటు ఇచ్చి, భారమంతా డి పాల్, ఎంజో ఫెర్నాండెజ్, మెక్ అలిస్టర్, అల్వారెజ్‌ల మీద పెట్టాడు. మెస్సీ 7 గోల్స్ కొట్టాడు, కప్పూ వచ్చింది.

నడుస్తున్నాడంటే బద్ధకం అనుకోవడం పొరపాటు. ఆ నడకలోనే ఖాళీ ఎక్కడుందో చూసుకుంటాడు. అయితే ఈ మినహాయింపు ఒకరికైతేనే సాగుతుంది. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపే ముగ్గురూ కలిసి ఆడిన రెండు సీజన్లూ ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీ, యూరప్ క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికెళ్లింది.