ఆలిగేషన్ లెక్కలు రావడం లేదని బి.ఫార్మసీ మానేయాలా?

ప్రశ్న: సార్, బైపీసీ చదివి ఈ ఏడాది బి.ఫార్మసీలో చేరాను. ఫార్మాస్యూటిక్స్‌లో (మందుల తయారీ సబ్జెక్టు) రెండు ద్రావణాలు కలిపే ఆలిగేషన్ లెక్కలు ఎన్నిసార్లు చేసినా తప్పే వస్తున్నాయి. పదో తరగతి తర్వాత లెక్కల జోలికి వెళ్లలేదు. ఇప్పుడే మానేసి బీఎస్సీలో చేరితే నయమా? ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది.

జవాబు: ఈ ఒక్క కారణానికి మాత్రం మానేయొద్దమ్మా. బైపీసీ పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ పెట్టిందే మీకు లెక్కలు అలవాటు తప్పి ఉంటాయని. కానీ అందులో ఉండేది లాగరిథమ్స్, మాత్రికలు, కలనం. నిన్ను ఏడిపిస్తున్న లెక్కకు అవేవీ అక్కర్లేదు, ఏడో తరగతి శాతాలు చాలు.

చారులో ఉప్పు ఎక్కువైతే అమ్మ ఏం చేస్తుంది? నీళ్లు పోస్తుంది. గిన్నెలో ఉప్పు ఎంతుందో అంతే ఉంది, చారే పెరిగింది. ఈ లెక్కలన్నిటి ప్రాణం అక్కడుంది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది ద్రావణాన్ని లెక్కపెడుతూ పోతారు, లెక్కపెట్టాల్సింది అందులో ఉన్న మందుని.

90 శాతం, 40 శాతం ఆల్కహాల్ కలిపి 60 శాతంది 500 మి.లీ. కావాలి అనుకో. పెన్ను పట్టగానే ఎక్స్ రాయకు, ముందు చివర్లో అసలు ఆల్కహాల్ ఎంత ఉండాలో రాయి: 500లో 60 శాతం, అంటే 300 మి.లీ. ఇప్పుడు 90 శాతంది ఎక్స్ మి.లీ. అనుకుంటే రెండోది 500 − ఎక్స్. రెండిట్లోని ఆల్కహాల్ కలిపితే 300 రావాలి కాబట్టి 0.9 ఎక్స్ + 0.4 (500 − ఎక్స్) = 300, ఎక్స్ 200 వస్తుంది, రెండోది 300.

మీ సార్ చెప్పే ఆలిగేషన్ కూడా ఇదే, గీతలు గీసి ఐమూలగా తీసివేస్తారు అంతే. 60 − 40 = 20 భాగాలు 90 శాతంది, 90 − 60 = 30 భాగాలు 40 శాతంది, అంటే 2:3. కానీ సమీకరణం అర్థం కాకముందే ఈ గీతలు బట్టీ పడితే పరీక్షలో ఏది ఏ వైపు రాయాలో తారుమారవుతుంది. నువ్వు తడబడుతున్నది ఇక్కడే అని నా అనుమానం. 60 అనేది 40కి దగ్గర కాబట్టి 40 శాతందే ఎక్కువ పడాలి, జవాబు రాగానే ఈ ఒక్కటి చూసుకుంటే చాలా తప్పులు అక్కడికక్కడే దొరికిపోతాయి. నీళ్లు కలపమంటే నీళ్లను సున్నా శాతం ద్రావణం అనుకో, ఇదే లెక్క. (ల్యాబ్‌లో ఆల్కహాల్, నీళ్లు కలిస్తే మొత్తం పరిమాణం కాస్త తగ్గుతుంది, అందుకే చివర్లో గీత దాకా నీళ్లు పోసి సరిచేస్తారు.)

ఇది మార్కుల కోసమే నేర్చుకునేది కాదు. ఆసుపత్రిలో నార్మల్ సెలైన్ 0.9 శాతం, అంటే 100 మి.లీ.లో 0.9 గ్రాము, 500 మి.లీ. సీసాలో 4.5 గ్రాముల ఉప్పు. అక్కడ దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగినా ఆ నష్టం రోగికే.

రోజుకు మూడు లెక్కల చొప్పున ఒక నెల చెయ్యి. మొదటిది ఇదిగో: 50 శాతం, 5 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ద్రావణాలు కలిపి 25 శాతంది 450 మి.లీ. చెయ్యాలి. 200, 250 వస్తే దారిలో పడినట్టే. నెల తర్వాత లెక్కలు వస్తున్నా సరే ల్యాబే నచ్చడం లేదనిపిస్తే మళ్లీ రాయి, అప్పుడు బీఎస్సీ గురించి మీ నాన్నగారితో ఎలా మాట్లాడాలో చూద్దాం.