1929లో కొన్నవాళ్లు నిజంగానే పాతికేళ్లు ఆగారా?

ప్రశ్న: నా వయసు 53, ఇంకో అయిదేళ్లలో రిటైరవుతాను. ఇండెక్స్ ఫండ్లలో (షేర్ల సూచీని అనుసరించేవి) రూ.38 లక్షలున్నాయి. అందులో రూ.9 లక్షలు ఇంటి మీద టాప్-అప్ లోన్ తీసి పెట్టినవి. 1929 అమెరికా షేర్ మార్కెట్ పతనం నుంచి తేరుకోవడానికి 25 ఏళ్లు పట్టిందని విన్నాను. అంతా తీసి ఎఫ్‌డీలో వేసేయనా?

జవాబు: అంతా వద్దు. అప్పు తెచ్చి పెట్టిన 9 లక్షలు మాత్రం తీసేసి, ఆ లోన్ తీర్చేయండి.

మీరు విన్నది సగం లెక్క. అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ 1929 సెప్టెంబర్ 3న 381 దగ్గరుంది. 1932 జూలై 8కి 41కి పడింది. మళ్లీ పాత స్థాయి దాటింది 1954 నవంబర్‌లో. అయితే ఆ సూచీలో డివిడెండ్లు కలవవు. పైగా 1929-33 మధ్య అమెరికాలో ధరలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి కాబట్టి, మిగిలిన డాలరుకు ఎక్కువ సరుకొచ్చేది. ఈ రెండూ కలిపి, ఇంకా ఎక్కువ కంపెనీలుండే విస్తృత సూచీని లెక్కగడితే 1936 చివరికే అసలు విలువ తిరిగొచ్చింది. (1937లో మళ్లీ కూలిందనుకోండి.)

ఏడేళ్లేగా అని ధీమా పడొద్దు. అన్నాళ్లు ఆగగలిగిందెవరు? పావు వంతు సొమ్ము చేతి నుంచి పెట్టి, మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని కొన్నవాళ్లకు, ధర పావు వంతు పడగానే సొంత డబ్బు హరీమంది. 1930-33లో దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. డబ్బు సరఫరా మూడో వంతు కుంచించుకుపోతుంటే అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ చూస్తూ కూర్చోవడమే అసలు దోషమని 1963లో ఆర్థికవేత్తలు ఫ్రీడ్‌మన్, ష్వార్ట్జ్ వాదించారు. ధరలు పడితే అప్పు బరువెక్కుతుంది. మన డెల్టా రైతులకూ అదే జరిగింది: వడ్ల ధర పడింది, శిస్తూ బాకీలూ మాత్రం పడలేదు.

లోన్ ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీదైతే ముందే తీర్చినందుకు రుసుము ఉండదు. ఏడాది దాటిన యూనిట్ల మీద లాభంలో ఆర్థిక సంవత్సరానికి రూ.1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మార్చి దగ్గరపడితే సగం అప్పుడు, సగం ఏప్రిల్‌లో అమ్మండి, మినహాయింపు రెండుసార్లు దక్కుతుంది. దూరంగా ఉంటే పన్ను కోసం ఆగకండి, వడ్డీయే ఎక్కువవుతుంది. ఒకే ఫోలియోలో (ఫండ్ సంస్థలో మీ ఖాతా) ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. లాభం ఎక్కువ వాటి మీదే ఉంటుంది కాబట్టి స్టేట్‌మెంట్ చూసి లెక్క వేసుకోండి.

మిగిలిన 29 లక్షల్లోంచి, రిటైరయ్యాక మొదటి అయిదేళ్లకు కావలసిన సొమ్మును ఇప్పటి నుంచే నెలనెలా డెట్ ఫండ్‌లోకి (బాండ్లలో పెట్టేది) మార్చుకుంటూ రండి. తేరుకోవడానికి ఇంకా ఎక్కువ కాలమూ పట్టొచ్చు: జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 నాటి శిఖరాన్ని దాటింది 2024లో మరి. ఏడాది ఇంటి ఖర్చు మాత్రం ఎఫ్‌డీలోనే ఉంచండి. డిపాజిట్ బీమా వడ్డీతో కలిపి రూ.5 లక్షల వరకే, అది కూడా ఒక బ్యాంకులో మీ డిపాజిట్లన్నిటికీ కలిపి. అంతకు మించితే బ్రాంచి మారిస్తే చాలదు, బ్యాంకే మార్చాలి.