మోదుగ ఆకులో దొరికిన పురుగుకు మా అమ్మ పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. మా అమ్మ మోదుగ ఆకులతో విస్తర్లు కుడుతుంది. పచ్చి ఆకుల్లో కొన్నింటి మీద తెల్లటి బొబ్బల్లాంటివి కనిపిస్తే ఒక ఆకును సీసాలో పెట్టి చూశాను. కొన్నాళ్లకు బియ్యపు గింజంత కూడా లేని రెక్కల పురుగు బయటికొచ్చింది. ఫోటో పంపుతున్నాను. నెట్‌లో ఎంత వెతికినా ఇలాంటిది దొరకలేదు. ఇది కొత్త జాతేనా? అయితే దానికి మా అమ్మ పేరు పెట్టొచ్చా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: బిడ్డా, ముందుగా నీకు శభాష్. ట్యూబ్‌లైట్ దగ్గర వాలిన పురుగుల ఫోటోలు నాకు చాలా వస్తాయి. ఆకులో ఉన్నప్పుడే గమనించి, సీసాలో పెంచి, ఇది ఫలానా చెట్టుదని చెప్పే ఉత్తరం రావడం అరుదు. ఇంత చిన్న పురుగుల్లో ఏ ఆకు తిని పెరిగిందో తెలిస్తే సగం దారి దొరికినట్టే.

ఫోటోను పెద్దది చేసి చూడు. రెక్కలు సన్నగా ఉన్నాయి, వాటి అంచున పొడవాటి కుచ్చు ఉంది. మీసాలు దాదాపు రెక్కలంత పొడవు. ముందు కాళ్ల మీద లేచి, తల పైకెత్తి కూర్చుంది. గ్రాసిలారిడే అనే చిన్న మాత్‌ల (సీతాకోకచిలుకల చుట్టాలైన రెక్కల పురుగుల) కుటుంబంలో చాలా పురుగులు ఇట్లాగే కూర్చుంటాయి. వీటి పిల్ల పురుగు ఆకు పైపొర కింద దూరి లోపలే బతుకుతుంది. మొదట్లో బల్లపరుపుగా ఉండి రసం మాత్రమే తాగుతుంది, తర్వాత ఆకారం మార్చుకుని కండ తింటుంది. నువ్వు చూసిన బొబ్బ అదే. నిమ్మ ఆకుల మీద వెండి గీతలు కనిపిస్తాయి కదా, ఆ ఆకు తొలిచే పురుగు కూడా దీని చుట్టమే. కలకత్తా నుంచి వెళ్లిన నమూనాల ఆధారంగా 1856లో స్టెయింటన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దానికి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని పేరు పెట్టాడు.

ఇక నీ పురుగు కొత్తదా? ఆ మాట ఫోటో చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. మన దేశంలో పేరున్న మాత్ జాతులే 10,000కు పైగా ఉన్నాయి. వాటిలో చిన్నవాటికి చాలావరకు నెట్‌లో ఫోటోలే లేవు. ఎడ్వర్డ్ మెయ్‌రిక్ అనే ఇంగ్లాండు బడిపంతులు మన దేశం నుంచి, ఇతర దేశాల నుంచి పోస్టులో వచ్చిన పురుగులు చూసి 14,000కు పైగా జాతులకు పేర్లు పెట్టాడు. 1938లో ఆయన పోయాక ఆయన దగ్గరున్న నమూనాలు లండన్ మ్యూజియానికి చేరాయి. మన మోదుగ పురుగుకు ఎప్పుడో పేరు పెట్టి అక్కడ పెట్టెలో ఉంచి ఉండవచ్చు. కొత్తదని అనాలంటే దగ్గరి జాతులన్నింటితో పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదని చూపించాలి. ఈ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా ఇదే.

మెయ్‌రిక్ రెక్కలు, తల చూసి తేల్చేవాడు. ఇప్పుడు అది చాలదు. రెక్కలు అచ్చం ఒకేలా ఉన్న రెండు జాతులను విడదీసేది పొట్ట చివర ఉండే జననాంగాలే. ఎండిన పురుగు పొట్టను విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి వేడి చేస్తాం. కొవ్వు, కండ కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. మైక్రోస్కోపు కింద సన్నటి కుంచెతో వాటిని శుభ్రం చేస్తుంటే, మగదైతే పట్టకారులాంటి రెండు రేకులు విచ్చుకుంటాయి. వాటి మీది ముళ్లు ఎన్ని, ఎటు తిరిగాయి అన్నది బొమ్మ గీసి, కొలిచి రాయాలి. ఊపిరి గట్టిగా వదిలితే నమూనా ఎగిరిపోతుంది, ఫ్యాను కట్టేయాల్సిందే! ఒక కాలును డీఎన్ఏ పరీక్షకు పంపుతారు. సీఓ1 జన్యువులోని 658 అక్షరాల ముక్కను పోల్చే ఈ పద్ధతిని 2003లో పాల్ హెబర్ట్ బృందం ముందుకు తెచ్చింది. ఈ పరీక్ష ఒక్కటే చూసి కొత్త జాతి అనేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. శరీరం కూడా అదే మాట చెప్పాలి.

అన్నీ కుదిరితే ఒక్క నమూనాను హోలోటైప్‌గా ఎంచి ఎర్ర లేబుల్ పెడతారు. ఎన్నేళ్ల తర్వాత ఎవరికి సందేహం వచ్చినా చూడాల్సింది దాన్నే. వర్ణన అచ్చయితేనే పేరు చెల్లుతుంది. మీ అమ్మ పేరు నిస్సందేహంగా పెట్టొచ్చు, ఆడవాళ్ల పేరైతే చివర లాటిన్ పద్ధతిలో చిన్న మార్పు చేస్తారు. అయితే పేరు నిర్ణయించేది వర్ణన రాసినవాళ్లు. అందుకే ఆ వ్యాసంలో నువ్వూ ఒక రచయితవు కావాలని నా కోరిక. తన పేరు తనే పెట్టుకోవడాన్ని నియమం ఆపదు కానీ, మర్యాద ఆపుతుంది.

ఇప్పుడు చేయాల్సింది విను. బొబ్బలున్న ఆకులు ఇంకొన్ని తెచ్చి విడివిడి సీసాల్లో పెట్టు. బయటికొచ్చిన పురుగును వేలితో ముట్టుకోవద్దు, రెక్కల పొడి రాలిపోతుంది. డబ్బాతోనే ఫ్రీజర్‌లో పెట్టు. ఒకటి రెండు ఆల్కహాల్‌లో వెయ్యి. బొబ్బ ఉన్న ఆకును పాత పేపర్ల మధ్య ఆరబెట్టు. ప్రతి డబ్బాలో ఊరు, తేదీ, చెట్టు, నీ పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ ఉండాలి. చీటీ లేకపోతే ఎంత అరుదైన పురుగైనా శాస్త్రానికి అక్కరకు రాదు. మీ చేను గట్టు మీది చెట్లు చాలు. పాకాల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా తెంపవద్దు. తర్వాత మీ జువాలజీ లెక్చరర్ ద్వారా హైదరాబాద్ అత్తాపూర్‌లోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రానికి రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి అని తేలితే నమూనాను గుర్తింపు పొందిన సంస్థలో అప్పగించాల్సిందే.

ప్రశ్న: కొత్త జాతి అంటూ పురుగులను చంపడం ఎందుకు? ఫోటో చాలదా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతుంది, నేనూ అవసరానికి మించి ఒక్కటి పట్టను. 2015లో దక్షిణాఫ్రికాలో తుమ్మెదలా కనిపించే ఒక ఈగను ఫోటోల ఆధారంగానే వర్ణించారు. దాని మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదనే నడిచింది. పైన చెప్పినట్టు పొట్ట లోపల తేడాలుండే చిన్న పురుగులకు ఫోటో సరిపోదు. అయితే ప్రతిసారీ కొత్తగా పట్టాల్సిన పని లేదు. 2017లో ట్రంప్ పేరు పెట్టిన నియోపాల్పా డొనాల్డ్‌ట్రంపి అనే మాత్, కాలిఫోర్నియాలో ఒక మ్యూజియం నమూనాలను పరిశీలిస్తుంటే బయటపడింది. మన కాలేజీల జువాలజీ ల్యాబుల్లో చెదలు పట్టకుండా మిగిలిన పెట్టెలుంటే, పారేసే ముందు వాటి చీటీలు చదివి నాకు రాయండి.