రెండుసార్లు పోయిందని ఎవరు లెక్కేశారమ్మా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చేశాను. వయసు 24. 2024 మొదట్లో జరిగిన టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో 71 మార్కులు వచ్చి పోయింది. అదే ఏడాది అక్టోబరులో 91 వచ్చి పాసయ్యాను. తర్వాత టీచర్ ఉద్యోగాల నియామక పరీక్ష, 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టు 1.6 మార్కుల తేడాతో చేజారింది. ‘రెండుసార్లు పోయింది, ఇంకెందుకు’ అంటున్నారు ఊళ్లో. హైదరాబాద్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు ఆర్నెల్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసెయ్యమంటున్నాడు. నాన్నకు కొబ్బరి తోట తప్ప వేరే ఆదాయం లేదు. ఇంకోమాట. విశాఖలో కోచింగ్‌కి వెళ్లినప్పుడు నేను ‘ఏటి’ అన్నా, ‘ఎల్లొస్తాను’ అన్నా హాస్టల్లో నవ్వేవారు. ఉద్దానం అంటే ‘కిడ్నీ జబ్బుల ఊరా?’ అనేవారు. పోనుపోను ఊరు పేరు చెప్పడమే మానేశాను. టీచర్ కావాలని ఎనిమిదో తరగతి నుంచి కోరిక. ప్రయత్నించనా, మానేయనా?

జవాబు: అమ్మా, ముందు లెక్క సరిచేద్దాం. శ్రీకాకుళం జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినవాణ్ని. తప్పు లెక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

నువ్వు డీఎస్సీ రాసింది ఒక్కసారే. టెట్ దానికి అర్హత పరీక్ష మాత్రమే. అది మొదటిసారి పోయింది, రెండోసారి పాసయ్యావు. మధ్యలో ఏడాది కూడా తిరగకుండానే ఇరవై మార్కులు పెంచుకున్నావు. దాన్ని కూడా ఓటమి ఖాతాలో వేసి ‘రెండుసార్లు’ అంటున్నారంటే, వాళ్లకు టెట్‌కీ డీఎస్సీకీ తేడా తెలియదని అర్థం. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. నువ్వు కూడా అదే లెక్క నమ్మేసి నాకు ఉత్తరం రాయడమే నాకు నచ్చలేదు.

నీకంటే ముందువాళ్ల సంగతి చూడు. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, తర్వాత రద్దు చేశారు. చివరికి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. మధ్యలో దాదాపు ఏడేళ్లు. ఎదురుచూసి ఎదురుచూసి వయసైపోతున్నవాళ్ల కోసం గరిష్ఠ వయసు 44 ఏళ్లకు పెంచాల్సి వచ్చింది. ఆ పరీక్షలో నీ పక్కన కూర్చున్నవాళ్లలో నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచే చదువుతున్నవాళ్లు ఉండి ఉంటారు. వాళ్ల మధ్యన మొదటి ప్రయత్నంలోనే 1.6 మార్కుల దూరానికి వచ్చావు.

ఇప్పుడు ఆ 1.6 సంగతి. డీఎస్సీ రాతపరీక్ష 80 మార్కులకు, టెట్ వెయిటేజీ 20 మార్కులకు. టెట్ 150 మార్కుల పరీక్ష కాబట్టి అక్కడి ఏడున్నర మార్కులు ఇక్కడ ఒక మార్కు. నీ 91కి వచ్చిన వెయిటేజీ 12.13. అదే టెట్‌లో నీకు 103 వచ్చి ఉంటే వెయిటేజీ 13.73 అయ్యేది. తేడా సరిగ్గా 1.6. అంటే నీ ఉద్యోగం ఆగింది టెట్‌లో పన్నెండు మార్కుల దగ్గర. డీఎస్సీ రాతపరీక్షలో ఒక్క బిట్టు కూడా అదనంగా రాయక్కర్లేకుండా తీరిపోయే లోటు ఇది.

చాలామంది టెట్ పాసవగానే హమ్మయ్య అనుకుని ఆ పుస్తకాలు అటకెక్కించేస్తారు. ఒకసారి వచ్చిన అర్హత జీవితాంతం చెల్లుతుంది, నిజమే. కానీ ఎక్కువ మార్కుల కోసం మళ్లీ రాసుకోవచ్చు, మంచి స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. ఉద్యోగం వచ్చేదాకా టెట్ నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ రాయి. ఫీజు గురించి ఆలోచించకు.

ఆ పన్నెండు మార్కులు ఎక్కడ దొరుకుతాయి? నీ మార్కుల మెమో నేను చూడలేదు కానీ, లెక్కల పిల్లల తీరు నాకు తెలుసు. పేపర్-2లో గణితం, సైన్సు కలిపి 60. మిగతా 90 మార్కులు శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్‌లవి, తలా 30. లెక్కలవాళ్లు ఆ 60లో మార్కులు పెంచుకోవడానికి రాత్రంతా మేలుకుంటారు. ఇంగ్లిష్‌లో 14 వస్తే మాత్రం ‘మనకది రాదులే’ అని వదిలేస్తారు. శిశు వికాసంలో పియాజే, వైగాట్‌స్కీ లాంటి మనస్తత్వవేత్తల పేర్లు బట్టీపట్టి, ‘తరగతిలో ఒక పిల్లవాడు ఇలా చేస్తే నువ్వేం చేస్తావు’ అని అడిగిన ప్రశ్న దగ్గర పొరబడతారు. కొత్తగా తీసుకోవాల్సిన మార్కులు నీకు అక్కడున్నాయని నా అంచనా.

నా క్లాసులో పిల్లల్ని రబ్బరు వాడనిచ్చేవాణ్ని కాదు. లెక్క తప్పితే కొట్టేయకుండా, చెరపకుండా ఎడమ పేజీలో అలాగే ఉంచి, కుడి పేజీలో మళ్లీ చేయించేవాణ్ని. కింద ఒక్క ముక్క రాయాలి: తెలియక తప్పిందా, తొందరలో తప్పిందా, ప్రశ్న సరిగ్గా చదవక తప్పిందా? రెండు నెలలు గడిచేసరికి వాడి రోగమేంటో వాడికే తెలిసిపోయేది. గుర్తు తప్పేవాడు ఎప్పుడూ గుర్తే తప్పుతాడు, సూత్రం మర్చిపోయేవాడు ఎప్పుడూ అదే మర్చిపోతాడు. నువ్వు కూడా మాక్ టెస్టు రాసిన ప్రతిసారీ మార్కు ఎంతొచ్చిందని చూసి పుస్తకం మూయకుండా, పోయిన ప్రతి ప్రశ్ననూ ఆ మూడింట్లో ఒక దాని కింద రాయి. ఒక చిన్న సంగతి కూడా: నువ్వు టెన్త్ చదివిన నాటి లెక్కల పుస్తకం వేరు, ఇప్పుడు బళ్లలో ఉన్నది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. పాత నోట్సు మీద ఆధారపడొద్దు. ఆరు నుంచి పది దాకా కొత్తవి తెచ్చుకుని, అభ్యాసాల్లోని లెక్కలన్నీ చెయ్యి.

ఏళ్ల తరబడి ఒకే పరీక్ష రాసినవాళ్లను చాలామందినే చూశాను. డీఎస్సీ కోచింగ్‌కు పేరున్న అవనిగడ్డలో గది తీసుకుని, అదే మెటీరియల్‌ని అయిదోసారి, ఆరోసారి చదివినవాళ్లున్నారు. కష్టానికి లోటులేదు, పాపం. కానీ కిందటిసారి ఎక్కడ పోయిందో ఎవరైనా అడిగితే చెప్పలేరు. టెన్త్‌లో లెక్కలు పోయి, సప్లిమెంటరీలో పాసయ్యి, పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరిన శిష్యుడు కూడా నాకున్నాడు. ఇప్పుడు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. వాడు తెలివైనవాడని నేనెప్పుడూ అనుకోలేదు, వాడు కూడా అనుకోలేదు. తెలియనిది వెంటనే అడిగేసేవాడు. సిగ్గన్నది లేదు.

నీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం కూడా ఇక్కడికే వస్తుంది. ‘ఊరు పేరు చెప్పడమే మానేశాను’ అన్నావు. ఊరు పేరు ఒక్కటే మానేశావా, లేక క్లాసులో లేచి డౌట్ అడగడం కూడా మానేశావా? మాట్లాడితే నవ్వుతారని తెలిశాక ఎవరైనా మాట్లాడటం తగ్గించేస్తారు. అక్కడి నుంచి తెలియనివి తెలియనట్టే మిగిలిపోతాయి. నీ పన్నెండు మార్కుల్లో కొన్ని ఆ హాస్టల్ గదిలో పోయాయేమోనని నా అనుమానం.

మనవాళ్ల యాసను చూసి నవ్వేవాళ్లకు ఒక విషయం గుర్తుండదు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజునాడు. ఆయనది ఏ ఊరనుకున్నావు? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట. 1863లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, మూడు దశాబ్దాలు అక్కడే పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష ఎవరికీ పట్టకపోతే, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు దాటాయి. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలుండాలని పండితులతో ఏళ్ల తరబడి వాదించిన మనిషి కూడా ఆయనే. అలాంటాయన జిల్లా పిల్లవి నువ్వు, ‘ఏటి’ అన్నందుకు తలదించుకుంటే ఎలా?

అలాగని ఏ మాట ఎక్కడైనా చెల్లుతుందని చెప్పను. డెమో క్లాసులో ‘సమాన కోణాలు’ అనాల్సిన చోట పాఠ్యపుస్తకం తెలుగే వాడాలి, ఇంగ్లిష్ మీడియం అయితే ఇంగ్లిషే వాడాలి. దానికి అద్దం ముందు సాధన చెయ్యి, ఫోన్లో రికార్డు చేసుకుని విను. కానీ వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడికి అర్థం కాకపోతే, ‘ఏటర్థం కాలేదు?’ అని అడగగలిగిన టీచర్‌కే వాడు నోరు విప్పుతాడు. నా అనుభవంలో ఇది చాలాసార్లు చూశాను. మీ ప్రాంతంలో ఒడియా మాట్లాడేవాళ్లు కూడా ఎక్కువ. నీకు ఒడియా వస్తే దాచుకోకు. ఇచ్ఛాపురం, కవిటి వైపు బడుల్లో అది టీచర్‌కు చాలా పనికొస్తుంది.

ఉద్దానం పేరు విని కిడ్నీ జబ్బులనేవాళ్లతో వాదన అనవసరం. జబ్బు ఉంది, దాచేదేమీ కాదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఇళ్లకు మంచినీళ్లిచ్చే పథకం మొదలైంది కూడా అందుకే. అక్కడ కొబ్బరి, జీడి, పనస కూడా ఉన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వాటిని నేలమట్టం చేసింది. నువ్వప్పుడు ఇంటర్లో ఉండుంటావు, నీకు నేను చెప్పాలా! నేనప్పుడు మీ వైపే పనిచేసేవాణ్ని. బడి తెరిచేసరికి ప్రహరీ గోడ మీద వరసగా టెన్త్ పుస్తకాలు ఎండబెట్టి ఉన్నాయి, పేజీలు అప్పడాల్లా ఉబ్బిపోయి. ఇంకు కారిపోయిన నోట్సులో ఏముందో రాసినవాళ్లకే తెలియలేదు. ఇళ్లల్లో కరెంటు లేదు. కొందరు పిల్లలు తడవని నోట్సు ఎవరి దగ్గరుందో వెతుక్కుని వెళ్లి, రోజుకో అధ్యాయం చొప్పున మళ్లీ రాసుకున్నారు. ఇంకొందరు అడగడానికి మొహమాటపడి, ఏ నోట్సూ లేకుండా ఫిబ్రవరి దాకా గడిపేశారు. మార్చిలో వచ్చిన తేడా పెద్దదే. తెలివిలో వాళ్లకూ వీళ్లకూ పెద్ద తేడా ఏమీ లేదు.

ఇక హైదరాబాద్ సంగతి. మీ అన్నయ్య నీ మంచికే చెప్పాడు. కానీ ఆ కోర్సు చేసినవాళ్లలో ఎందరికి, ఏ కంపెనీలో, ఏ జీతానికి ఉద్యోగం వచ్చిందో ఇద్దరు ముగ్గుర్ని నేరుగా అడిగి చూడమను. సాఫ్ట్‌వేర్‌లోకే పోదామని ఉంటే, డిగ్రీలో మ్యాథ్స్ చేసినదానివి, ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చెయ్యడం ఆర్నెల్ల కోర్సు కంటే నయం. ఊరు వదిలి వెళ్లడం తప్పేమీ కాదమ్మా. మన జిల్లావాళ్లు చేపల వేటకు గుజరాత్ దాకా పోతున్నారు, కూలి పనులకు చెన్నై పోతున్నారు. వాళ్లంతా ఊరి మీద ప్రేమ లేక పోలేదు. నీకు ఇష్టమైతే వెళ్లు. నలుగురి మాట పడలేక మాత్రం వెళ్లకు.

నా సలహా ఏంటంటే, తర్వాతి డీఎస్సీ తేదీ కోసం ఖాళీగా కూర్చోవద్దు. ఏడేళ్ల ఎదురుచూపు ఏం చేస్తుందో మన ముందువాళ్లను చూశాం. మీ ఇంటికి బస్సులో వెళ్లొచ్చే దూరంలో ఏదైనా ప్రైవేటు స్కూల్లో చేరు. జీతం తక్కువే ఉంటుంది, పని ఎక్కువే ఉంటుంది. అందుకని మధ్యాహ్నం దాకా పార్ట్‌టైమ్ ఇస్తారేమో ముందే అడుగు. సాయంత్రం ఊళ్లోనే టెన్త్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పు. నాన్నగారి చేతిలో నెలకు కొంత పెట్టగలిగితే ఇంట్లో టెన్షన్ సగం తగ్గుతుంది, పెళ్లి మాటలూ కొన్నాళ్లు వాయిదా పడతాయి. వీలైతే పీజీసెట్ రాసి ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో చేరు. అది చేతిలో ఉంటే రేపు జూనియర్ లెక్చరర్ పోస్టులకూ అర్హత వస్తుంది. కేంద్రం నిర్వహించే టెట్, అదే సీటెట్ కూడా రాసి పెట్టుకుంటే కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులకు దారి ఉంటుంది. దాని కోసం ఇంగ్లిష్ చదువుతావు కదా, ఆ చదువు టెట్‌లో 30 మార్కుల దగ్గర కూడా పనికొస్తుంది.

ఎప్పటిదాకా అని కూడా అడగాలి, నువ్వు అడగలేదు. తర్వాతి టెట్‌లో 105 దాటలేకపోతే, ఎందుకు దాటలేదో తేల్చుకుని ఇంకోసారి రాయి. అప్పుడు కూడా 95 దగ్గరే ఆగిపోతే, డీఎస్సీని పక్కన పెట్టి ఎమ్మెస్సీ, ఎంసీఏల్లో ఒకదాని మీద పూర్తిగా దృష్టి పెట్టు. ఈ మాట నాన్నగారితో ముందే చెప్పి ఒప్పించు. గడువు తెలిస్తే పెద్దవాళ్లు ఆగుతారు.

రెండు టెట్‌ల మార్కుల మెమోలూ, డీఎస్సీ స్కోర్ కార్డూ ఫొటో తీసి పంపు. సబ్జెక్టు వారీగా మార్కులు చూశాక, ముందు ఇంగ్లిష్ పట్టుకోవాలా, శిశు వికాసం పట్టుకోవాలా చెబుతాను. కవరు మీద ఊరు పేరు, మండలం రాయలేదు, ఈసారి రాయి. మీ దగ్గర్లో రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు ఎవరైనా ఉంటే కనుక్కుని చెబుతాను.